కొండను కాపాడే పనిలో గ్రామసభ మాట వినండి

శ్రీకాకుళం జిల్లా అటవీ అధికారి గారికి నమస్కారం.

మాది మందస మండలంలో, మహేంద్రగిరి దిగువనున్న సవర గూడెం. ఆదివారమైతే నగరాల నుంచి కార్లొస్తాయి. రావద్దని మేం అనం. కానీ పోయిన వేసవిలో ఎవరో వంట చేసుకుని ఆర్పకుండా వదిలేసిన పొయ్యి కొండవాలుకు అంటుకుంది. మా ఆడవాళ్లే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పారు. మా పిన్ని అరచేతులు బొబ్బలెక్కి, ఆ సీజనంతా చింతపండు గింజ తీయలేకపోయింది. చేతికి రావాల్సిన డబ్బు అలా పోయింది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సామాజిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మాకుంది. ఎక్కడ వండుకోవాలో, ఏ నెలల్లో కొండెక్కకూడదో గ్రామసభను చెప్పనివ్వండి. వచ్చేవాళ్లలో మనసున్నవాళ్లూ ఉన్నారు. వేసవి ముందు ఫైర్ లైన్లలో, అంటే మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటల్లో, ఎండుటాకు ఊడ్చేటప్పుడు వాళ్లనూ పిలవండి. చీపుర్లు మేమిస్తాం.