రాకుండానే పరిష్కరించామని ఎలా రాసుకున్నారు?

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
బస్ షెల్టర్ల నిర్వహణ, ప్రకటనల విభాగం,
విశాఖపట్నం.

విషయం: కంచరపాలెం దగ్గరి బస్ షెల్టర్ మీద నేను ఇచ్చిన ఫిర్యాదులను వచ్చి చూడకుండానే మూసెయ్యడం గురించి.

అయ్యా,

నిన్న సాయంత్రం మీ కంపెనీ నుంచి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని. అది చదివేటప్పుడు నేను అదే షెల్టర్‌లో నిలబడి ఉన్నాను. సీట్లు ఊడదీసిన చోట బోల్టులు పైకి పొడుచుకొని అలాగే ఉన్నాయి. పైన ట్యూబ్‌లైటు వెలగడం లేదు. ఏం పరిష్కరించారో చెప్పండి. మీ మనుషులు ఎవరు వచ్చారు, ఏ రోజు వచ్చారు, ఏం చూసి వెళ్ళారు?

షెల్టర్ సంగతి ఇంతకుముందే చెప్పాను కాబట్టి ఇక్కడ సాగదీయను. సీట్లు రిపేరుకని పట్టుకెళ్ళారు, తిరిగి పెట్టలేదు. పై షీటు ఒక మూల లేచిపోయి గాలికి కొట్టుకుంటోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరికి ఆ చప్పుడు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? బస్సు వచ్చే వైపు నిలువెత్తు ప్రకటన బోర్డు బిగించారు. దాని వెనక కూర్చునే వీలు ఎలాగూ లేదు, నిలబడినా వచ్చే బస్సు కనపడదు.

నాకు కోపం వచ్చింది సీట్ల గురించి కాదు. ఇనుము తుప్పు పడుతుంది, లైట్లు మాడిపోతాయి, ఎవరైనా అర్థం చేసుకుంటారు. మనిషి మాట్లాడుతుంటే వినకపోవడం గురించి ఈ ఉత్తరం.

మొదట షెల్టర్ మీద రాసి ఉన్న నంబరుకే ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "షెల్టర్ నంబరు చెప్పండి మేడమ్, అది లేకపోతే సిస్టమ్ తీసుకోదు" అంది. ఆ నంబరున్న ప్లేటు ఎక్కడుందని వెతికాను. మీ ప్రకటన బోర్డు సరిగ్గా దాని మీదే బిగించారు. పక్క సందులోంచి చెయ్యి పెట్టి, ఫోన్ టార్చి వేసి, చివరి రెండు అంకెలు చదవగలిగాను. అవి చాలవన్నారు. కంచరపాలెం మెట్ట నుంచి ఎన్ఏడీ వైపు వెళ్ళే రోడ్డు, కుడి చేతి వైపు అని గుర్తులు చెప్పాను. "ఎన్ఏడీ అంటే ఏ ఊరు మేడమ్?" అని అడిగింది. ఎన్ఏడీ వేరే ఊరు కాదు, మన విశాఖపట్నంలోనే పెద్ద కూడలి. తప్పు ఆ అమ్మాయిది కాదు. విశాఖపట్నం ఫిర్యాదులు తీసుకునే సీట్లో విశాఖపట్నం తెలియని పిల్లని కూర్చోబెట్టింది మీరు.

ఆ తర్వాత ఇంకో ఆయన. ఆయన ఫిర్యాదు రాసుకున్నారు, నంబరు కూడా ఇచ్చారు. కొన్నాళ్ళు ఆగి అడిగితే "క్లోజ్ అయింది మేడమ్" అన్నారు. ఎందుకు క్లోజ్ అయిందంటే "ఫీల్డ్ వాళ్ళు చేశారు, మాకు తెలీదు." ఫీల్డ్ వాళ్ళ నంబరు అడిగితే ఇవ్వకూడదట. మళ్ళీ కొత్త ఫిర్యాదు పెట్టమన్నారు. పెట్టాను. అదీ మూసేశారు. ఇంకొకరు సీట్ల విషయం నగరపాలక సంస్థను అడగమన్నారు. అక్కడ అడిగితే నిర్వహణ ఒప్పందం మీ కంపెనీదేనని చెప్పారు. ఆ మాట మీకు చెబితే లెటర్ హెడ్ మీద రాయించుకు రమ్మన్నారు. మీ ఒప్పందం సంగతి ప్రయాణికురాలు వెళ్ళి మీకు రాయించి తేవాలా?

చివరికి మా ఆఫీసులో పర్మిషన్ పెట్టి సిరిపురంలోని మీ ఆఫీసుకే వచ్చాను. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయించుకొని, "సార్ సైట్‌కి వెళ్ళారు, కూర్చోండి" అన్నారు. అక్కడ ఏసీ ఉంది, మెత్తటి సోఫా ఉంది, తాగడానికి నీళ్ళు ఇచ్చారు. మధ్యాహ్నం దాటేదాకా కూర్చున్నాను. సార్ రాలేదు. బయటికి వస్తుంటే ఒక కుర్రాడు, ఉద్యోగం కొత్తేమో, నిజమే చెప్పాడు. "మేడమ్, ప్రకటన బోర్డు లైటు ఆగిపోతే మాకు గంటలో ఫోన్ వస్తుంది. షెల్టర్ లైటుకి అలా ఎవరూ అడగరు."

నేను అడుగుతున్నాను కదండీ. అడుగుతూనే ఉన్నాను.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టిన మాట మీ కాల్ సెంటర్‌లో ఇంకొకాయన అన్నారు. "ఇప్పుడు బస్ స్టాపుల్లో ఎవరు నిలబడుతున్నారు మేడమ్? కరోనా తర్వాత అందరూ బైకులు, ఆటోలేగా" అని. దీనికి జవాబు రాయకుండా ఈ ఉత్తరం పూర్తి చెయ్యలేను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక మన సిటీ బస్సులు మళ్ళీ రోడ్డెక్కింది సెప్టెంబరులో. ఆ ఆరు నెలల్లో మా వీధిలో కొందరు వాయిదాల మీద బండ్లు కొన్నారు. మిగిలినవాళ్ళు షేర్ ఆటోలకు అలవాటు పడ్డారు. అప్పుడు భయం బస్సు లోపలి జనం గురించి. ఆ భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అదే జనం ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు వెళ్తున్నారు. మరి బస్సుకి ఎందుకు రావడం లేదు? ఆటో సందు చివరికే వస్తుంది. దానికి షెల్టర్ అక్కర్లేదు, ఎదురుచూపు అక్కర్లేదు. బస్సుకైతే ఇంటి నుంచి నడవాలి, రోడ్డు దాటాలి, నిలబడాలి. ఆ నడిచే దారిలో ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టి ఉంటే, మూత లేని కాలువ ఉంటే, నిలబడే చోట నీడ లేకపోతే, మన సముద్రపు ఉక్కపోతలో పది నిమిషాలు నిలబడేసరికి చీర తడిసిపోతుంది. వెనక్కి రావాలనుకున్న మనిషి కూడా ఆటోకి చెయ్యి ఎత్తుతాడు.

ప్లానింగ్ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఒక సంగతి చెప్పింది. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన పరిశోధన 2016లో అచ్చయిందట. ఏ సౌకర్యం లేని స్టాపులో నిలబడినవాళ్ళకి ఎదురుచూసిన సమయం నిజంగా గడిచినదానికన్నా చాలా ఎక్కువ అనిపిస్తుంది. బెంచీ, పైకప్పు ఉంటే అది బాగా తగ్గుతుంది. భద్రత లేదనిపించే చోట ఆడవాళ్ళకి ఆ సమయం ఇంకా పొడవవుతుంది. మా స్టాపులో రాత్రి ఎనిమిదింటికి నిలబడే ఏ అమ్మాయిని అడిగినా ఇదే చెబుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పైసా ఖర్చు లేదు. అయినా చీకటి పడితే నేనూ, నాతో పనిచేసే అమ్మాయిలూ డబ్బులిచ్చి ఆటో ఎక్కుతున్నాం. ఉచితంగా వచ్చే బస్సుని వదులుకొని మేము డబ్బు కడుతున్నది వెలుతురు కోసం. మీరు పెట్టిన నగల ప్రకటన మీద పగలు లాంటి వెలుగు ఉంటుంది. దాని వెనక, మేము నిలబడే చోట, పక్కనున్న మనిషి ముఖం కనపడదు.

కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్ళే ఒక పెద్దాయన ఉదయం పూట అక్కడికి వస్తారు. మోకాళ్ళ నొప్పులు. మీ బోర్డు అడ్డం కాబట్టి, చేతికర్ర పట్టుకొని రోడ్డు మీదికి దిగుతారు, 28 వస్తోందేమో చూడటానికి. లారీ హారన్ కొడితే వెనక్కి జరుగుతారు. మళ్ళీ దిగుతారు. "అమ్మా, బస్సు వస్తాదేటో సూడమ్మా" అని నన్ను అడుగుతారు. ఆయనకి ఏమన్నా జరిగితే ఏ ఫిర్యాదు నంబరు కింద మూసేస్తారు?

ఇంటర్ చదివేటప్పటి నుంచి నేను బస్ పాస్ మనిషిని. పెళ్ళయ్యాకా, ఉద్యోగం వచ్చాకా ఆ స్టాపు మారలేదు. మా ఆయన బండి కొంటానన్నా వద్దన్నాను. కరోనా తర్వాత బస్సుకి తిరిగి వచ్చిన మొదటివాళ్ళలో మేమున్నాం. మీ ప్రకటనలకు రేటు వస్తున్నది ఎవరు చూస్తారని? అక్కడ నిలబడే మేమే కదా. మేము ఆటోల్లోకి వెళ్ళిపోతే ఆ బోర్డు మీకు ఎన్నాళ్ళు అమ్ముడవుతుంది? మమ్మల్ని చూపించి డబ్బు తీసుకుంటూ, మేము మాట్లాడితే ఫోన్ పెట్టేస్తారా?

అందుకే ఇప్పుడు మీ కాల్ సెంటర్‌తో మాట్లాడటం మానేశాను. మీ ఒప్పందంలో నిర్వహణ గురించి ఏం రాసుకున్నారో ఆ కాపీ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద నగరపాలక సంస్థకు దరఖాస్తు పెడుతున్నాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ ఉత్తరం ఇస్తాను. ఆ షెల్టర్ మీద ఎవరి నగలు, ఎవరి కాలేజీ, ఎవరి అపార్ట్‌మెంట్ల ప్రకటనలు ఉన్నాయో వాళ్ళందరికీ ఫొటోలు పంపిస్తాను. తమ పేరు ఎలాంటి చోట వెలుగుతోందో వాళ్ళు చూడాలి. అవసరమైతే స్టాపులో రోజూ నిలబడేవాళ్ళందరి సంతకాలూ తీసుకుంటాను. చాలామంది సరేనన్నారు.

సీట్లు పెట్టండి. షీటు బిగించండి, లైటు వేయండి. బోర్డుని బస్సు వచ్చే వైపు నుంచి తీసి వెనక్కి మార్చండి. వీటికన్నా ముందు, ఆ ఫిర్యాదులను ఏ అధికారి, ఏం చూసి మూసేశారో నాకు రాతపూర్వకంగా చెప్పండి. ఈ ఒక్కటీ నేను వదలను.

ఈసారి మెసేజ్ వద్దు, మనిషిని పంపండి. సాయంత్రం ఏడు దాటాక పంపండి, లైటు సంగతి అప్పుడే తెలుస్తుంది. నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
కంచరపాలెం స్టాపులో రోజూ బస్సెక్కే ప్రయాణికురాలు