లెక్క సరే, మొదలు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక మడతల్లో ఒక కరపత్రం వచ్చింది. మల్కాజిగిరిలో జరగబోయే ప్రవచన సభల ప్రకటన అది. బైబిల్లోని దానియేలు, ప్రకటన గ్రంథాల సంఖ్యలను వరుసగా పేర్చి, లోకం ముగిసేది ఫలానా సంవత్సరంలోనే అని కింద పెద్ద అక్షరాలతో వేశారు. నేను ముప్పై ఏళ్లకు పైగా గణితం బోధించాను. మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు ఇప్పటికీ వాక్యం చెబుతున్నాను. క్రీస్తు రెండవ రాకడను మనసారా నమ్ముతాను. అందుకే ఆ కాగితం చూసి ఎంతో బాధ కలిగింది.

అందులోని కూడికల్లో తప్పు లేదు. కానీ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో, దేనితో కొలవాలో రాసినవారే ఎంచుకుని, ఆ సంగతి చదివేవారికి చెప్పకుండా దాటేశారు.

ప్రకటన గ్రంథం 11, 12, 13 అధ్యాయాల్లో 42 నెలలు, 1260 దినాలు, ‘ఒక కాలము, కాలములు, అర్ధకాలము’ అనే మాటలు వస్తాయి. కాలం అంటే ఏడాది, కాలములు అంటే రెండేళ్లు అనుకుంటే మూడూ మూడున్నరేళ్లే. నెలకు సరిగ్గా 30 రోజులు పెడితేనే 42 నెలలు 1260 రోజులవుతాయి. మన పంచాంగంలో లాగే యూదుల పంచాంగంలోనూ అధికమాసం ఉంది. 19 ఏళ్లలో ఏడుసార్లు వస్తుంది. చంద్రమానం ప్రకారం 42 నెలలంటే సుమారు 1240 రోజులే, మధ్యలో అధికమాసం పడితే 1270. అంటే ఆ 1260 గోడ మీది క్యాలెండర్ చూసి వేసిన లెక్క కాదు. ఏడు అనే అంకెలో సగం అన్న అర్థంలో, దేవుని ప్రజల శ్రమకాలానికి గుర్తుగా దాన్ని చదివేవారు ఉన్నారు. అంత్యకాలంలో రాబోయే అక్షరాలా మూడున్నరేళ్లు అనేవారూ ఉన్నారు. దినానికి ఒక సంవత్సరం చొప్పున లెక్కించి, అది పోపుల అధికారం సాగిన కాలమని, క్రీ.శ. 538 నుంచి పోప్ ఆరవ పయస్‌ను ఫ్రెంచి సైన్యం బంధించిన 1798 వరకు అని చెప్పేవారూ ఉన్నారు.

దినానికి ఒక సంవత్సరం అనే సూత్రానికి సంఖ్యాకాండం 14, యెహెజ్కేలు 4 అధ్యాయాలను ఆధారం చూపుతారు. ఆ రెండు చోట్లా అలా లెక్కించమని దేవుడే విప్పి చెప్పాడు. ప్రకటన గ్రంథంలో అలాంటి మాట నాకు కనబడలేదు.

దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బై వారాల సంగతి ఇంకా స్పష్టం. యెరూషలేమును తిరిగి కట్టమనే ఆజ్ఞ నుంచి అభిషిక్తుడు వచ్చేవరకు 69 వారాలని అక్కడ ఉంది; వారం అంటే ఏడేళ్లని తీసుకుంటారు. పర్షియా రాజు అర్తహషస్త యూదుల యాజకుడు ఎజ్రాకు ఆజ్ఞ ఇచ్చిన క్రీ.పూ. 457 నుంచి మామూలు సంవత్సరాలతో 69 వారాలు, అంటే 483 ఏళ్లు లెక్కిస్తే క్రీ.శ. 27 వస్తుంది. యెరూషలేము గోడలు తిరిగి కట్టించిన నెహెమ్యా కాలపు క్రీ.పూ. 445 నుంచి మొదలుపెట్టినవారు ఏడాదికి 360 రోజులు పెట్టి, 1,73,880 రోజులతో క్రీ.శ. 32కు చేరతారు. వాక్యం ఒకటే. మొదలు మారింది, కొలబద్ద కూడా మారింది.

అమెరికాలో విలియం మిల్లర్ అనే ప్రవచన బోధకుడు కూడా ఆ 457 నుంచే దానియేలు ఎనిమిదో అధ్యాయంలోని 2300ను ఏళ్లుగా లెక్కపెట్టి క్రీస్తు రాకడ 1843లో అన్నారు. క్రీస్తుపూర్వానికీ క్రీస్తుశకానికీ మధ్య సున్నా సంవత్సరం లేదని గుర్తించాక అది 1844 అయింది. చివరికి అక్టోబరు 22 అని ఖాయం చేసుకున్నారు. పొలాల్లో పంట కోయకుండా ఎదురుచూసినవారు ఉన్నారు. ఆ రోజు గడిచిపోయింది. హీబ్రూ మూలంలో ఆ 2300 దగ్గర ఉన్నది ‘సాయంకాలం ఉదయం’ అనే మాట. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి జరిగే బలులుగా తీసుకుని దాన్ని 1150 రోజులుగా చదివే పండితులూ ఉన్నారు. 2011లో అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ మే 21 అన్నారు, అది దాటాక అక్టోబరు 21 అన్నారు.

ఇదంతా పండితుల వాదంగానే ఉండిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నిరుడు ఇలాంటి సభలకు వెళ్లి వచ్చిన మా వీధి కుటుంబం ఒకటి కూతురి ఇంటర్ పరీక్ష ఫీజు కట్టడం మానేసింది. “ఇంకెన్నాళ్లు మాస్టారూ, ఎందుకిక?” అన్నాడు తండ్రి. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి ఏడ్చింది. ఆఖరి గడువులో అపరాధ రుసుముతో కట్టించాం. సభలో మాట్లాడిన ఆయన ఆ తర్వాత మా పేటకు మళ్లీ రాలేదు.

ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి 24లో ప్రభువే చెప్పాడు. కాలాలనూ సమయాలనూ తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో శిష్యులతో మళ్లీ అన్నాడు. వేదిక ఎక్కే పాస్టర్లు ఈ వచనాలను దాటవేయకూడదు. సంవత్సరం చెప్పేవారు ఎక్కడ మొదలుపెట్టారో, దినాన్ని దినంగా తీసుకున్నారో సంవత్సరంగా తీసుకున్నారో మొదటి మాటలోనే చెప్పాలి. వినేవారు అడగాలి.

పత్రిక మడతల్లో పెట్టే కరపత్రాలు మీ చేతిలో ఉండకపోవచ్చు. మీ భక్తి పేజీ మాత్రం మీదే. క్రైస్తవ వేదాంత కళాశాలల్లో హీబ్రూ, గ్రీకు నేర్పే అధ్యాపకులు ఉన్నారు. ఈ కాలగణన పద్ధతులను పక్కపక్కన పెట్టి వివరించే వ్యాసం ఒకటి వారితో రాయించండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తండ్రీ నేనూ దానియేలు తొమ్మిదో అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చోబోతున్నాం. మీ వ్యాసం వస్తే దాన్ని కూడా ఆయన చేతికి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్