హెల్మెట్ ఉంది కదా అనుకుంటే సరిపోదు

సంపాదక మహాశయా,

అమెరికాలో మన తెలుగు పిల్లలు కొందరు ఇప్పుడు స్కూలు టీముల్లో అమెరికన్ ఫుట్‌బాల్, అంటే ఎదుటివాణ్ని ఒంటితో ఢీకొట్టి పడగొట్టే ఆట, ఆడుతున్నారు. ఖరీదైన హెల్మెట్ కొనిచ్చాం, ఇక భయం లేదనుకునే తల్లిదండ్రులకే ఈ ఉత్తరం.

1939లో రిడెల్ కంపెనీ ప్లాస్టిక్ హెల్మెట్ తెచ్చేదాకా ఆటగాళ్లవి తోలు టోపీలే. 1950ల్లో ముఖానికి అడ్డంగా ఫేస్‌మాస్క్ వచ్చింది. ముక్కూ పళ్లూ దక్కాయి గానీ, తలకేం కాదన్న ధీమాతో ఎదుటి ఆటగాణ్ని తలతోనే గుద్దడం మొదలైంది. కోచ్‌లూ అదే నేర్పారు. 1968 సీజన్‌లో 36 మంది చనిపోయారు. 1973లో హెల్మెట్లకు ప్రమాణాలు వచ్చాక పుర్రె పగలడం, మెదడులో రక్తస్రావం బాగా తగ్గాయి.

మెడ సంగతి వేరు. తల కాస్త వంచగానే మెడలో ఉండే సహజమైన వంపు పోయి, ఏడు ఎముకలూ కర్రలా నిటారుగా నిలుస్తాయి. నడినెత్తి ఎదుటివాడికి తగిలి ఆగిపోతుంది, వెనకనుంచి ఒంటి బరువు తోసుకొస్తుంది. మధ్యలో నలిగేది వెన్నుపాము. దీన్ని ఏ హెల్మెట్టూ ఆపలేదు. అలా గుద్దడాన్ని స్కూలు, కాలేజీ ఆటల్లో 1976లో నిషేధించారు. ఆ ఏడు 34 మందికి కాళ్లూ చేతులూ పడిపోతే, 1984లో ఐదుగురికే. పరికరాలన్నీ ఒకెత్తు, ఆ ఒక్క నిబంధన ఒకెత్తు.

ఇక కంకషన్, అంటే తల కుదుపుకు మెదడు దెబ్బతినడం. దెబ్బకు తల గిర్రున తిరిగితే లోపల మెదడు మెలిపడుతుంది. 2024 నుంచి ఎన్ఎఫ్ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) మ్యాచుల్లోనూ అనుమతించిన, హెల్మెట్ మీద వేసుకునే మెత్తటి పైతొడుగు దెబ్బ జోరును కొంత తగ్గిస్తుంది, అంతే.

హెల్మెట్ సైజు చూసేటప్పుడు జుట్టు తడపండి, ఆటలో చెమటకు ఎటూ తడుస్తుంది. ముందు అంచు కనుబొమలకు అంగుళం పైన ఉండాలి. ఫేస్‌మాస్క్ పట్టుకుని పక్కకు తిప్పితే నుదుటి చర్మమూ కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారితే వదులన్నట్టే. గాలిసంచుల రకమైతే చలికి గాలి తగ్గుతుంది, వారం వారం చూడాలి. గడ్డం పట్టీలు నాలుగూ బిగించాలి. పిల్లలు రెండిటితో సరిపెట్టేస్తారు!

మెడకు దెబ్బ తగిలిందని అనుమానమొస్తే కంగారులో హెల్మెట్ లాగేయొద్దు. భుజాల ప్యాడ్లు ఒంటిని ఎత్తుగా ఉంచుతాయి కాబట్టి, హెల్మెట్ తీయగానే తల వెనక్కి వాలిపోతుంది. ఊపిరి కోసం ఫేస్‌మాస్క్ మాత్రం విప్పించి, తల కదలకుండా పట్టుకుని అంబులెన్సు వచ్చేదాకా ఆగాలి.

– ఓ పాఠకుడు, డాలస్