రిస్క్ అంటే జబ్బు కాదు
లాలాజలం పంపి చేయించుకునే జన్యు పరీక్షల్లో ‘రిస్క్’ అన్న మాటను జనం ‘జబ్బు ఖాయం’ అని చదువుకుంటున్నారు, పరీక్ష చేసేవాళ్లు కూడా చాలాసార్లు ఆ తేడా విడమరిచి చెప్పడం లేదు. మా దగ్గరి బంధువు ఒకామె తన రిపోర్టులో ఏపీఓఈ4 (అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు రిస్క్‌ను పెంచే జన్యు రకం) ఒక కాపీ ఉందని చూసి, ఆ జబ్బు వచ్చేసినట్టే టెన్షన్ పడి, తాళంచెవి ఎక్కడ పెట్టిందో గుర్తురాని ప్రతిసారీ కళ్లనీళ్లు పెట్టుకునేది; నిజానికి ఆ ఒక్క కాపీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ జబ్బు ఎప్పటికీ రాదు. పైగా మన డీఎన్ఏలో సుమారు సగం మన పిల్లల్లో, తోబుట్టువుల్లో కూడా ఉంటుంది, అంటే మన ఫలితం వాళ్ల గురించీ కొంత చెప్పేస్తుంది, మరి వాళ్ల అనుమతి ఎవరు అడిగారు? పరీక్షకు ముందూ తర్వాతా జెనెటిక్ కౌన్సెలర్‌తో, అంటే జన్యు ఫలితాలను విడమరిచి చెప్పే నిపుణులతో మాట్లాడించడం తప్పనిసరి చేయాలి, ‘రిస్క్ రెండింతలు’ అని రాసి వదిలేయకుండా వందమందిలో ఎంతమందికి వస్తుందో రిపోర్టులోనే చెప్పాలి, మన జన్యు సమాచారం ఇంకొకరికి ఇవ్వాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి.