మూతపడిన బడిలో మా అబ్బాయి పేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది తెనాలి దగ్గర ఊరు. నేను ఇంట్లోనే జాకెట్లు, పిల్లల బట్టలు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుతోంది. ఈ ఉత్తరం అబ్బాయి గురించి, వాడికి చదవడం నేర్పి 2024 ఏప్రిల్‌లో మూతపడిన ఒక చిన్న ప్రైవేటు బడి గురించి, ఆ బడి లెక్కల్లోనే ఉండిపోయిన వాడి పేరు గురించి.

మా వాడిని మొదట పేరున్న పెద్ద బడిలోనే చేర్చాం. యూకేజీ పూర్తి కాకముందే కరోనా వచ్చింది. ఒకటో తరగతి అంతా మా ఆయన ఫోనులోనే గడిచింది. ఆ తర్వాత రెండో తరగతికి తీసుకువెళ్తే పరీక్ష పెట్టారు. వాడు అక్షరాలు తారుమారు చేశాడు. ‘మ’కు ‘వ’ అన్నాడు, ‘ప’కు ‘ష’ అన్నాడు, ఒత్తు వస్తే అక్కడే ఆగిపోయాడు. ఈ పిల్లవాడు మిగతా వారితో సమానంగా రాలేడని, వేరే చోట చూసుకోమని చెప్పారు. బడిలో చేర్చుకునే ముందు పిల్లలకు పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టంలో ఉందట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాను. నేనేం తప్పు చదివానమ్మా అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు.

అప్పుడు చేరాం ఆ చిన్న బడిలో. అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు, ముందు ఒక వేపచెట్టు, వెనక రేకుల షెడ్డులో రెండు తరగతులు. భార్యాభర్తలిద్దరూ కలిసి నడిపేవారు. పిల్లలు వారిని పెద్దసారు, పెద్దమేడం అనేవారు. ఆటస్థలం లేదు. వానాకాలంలో షెడ్డులో పాఠం వినపడేది కాదు. లోపాలు లేని బడి అని నేను చెప్పను. కానీ పెద్దమేడం మా వాడికి పరీక్ష పెట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అరగంట కబుర్లు చెప్పించారు. మా ఆయన ఆటో రోజుకు ఎన్ని లీటర్లు తాగుతుందో, ఏ ఊరికి ఎంత కిరాయో వాడు నోటిలెక్కగా చెప్పాడు. “తెలివికి లోటు లేదమ్మా, కంటికీ అక్షరానికీ మధ్య ఏదో చిక్కుంది. దాన్ని విప్పుకుందాం” అన్నారు.

ఆ చిక్కు విప్పడానికి ఆమె చేసినవన్నీ నేను కళ్లారా చూశాను. చింతపిక్కలతో అక్షరాలు పేర్పించేవారు. పళ్లెంలో ఇసుక పోసి వేలితో రాయించేవారు. చదివేటప్పుడు వరుసలు కలిసిపోకుండా అట్టముక్కకు ఒక సందు కోసి ఇచ్చారు. ఆ సందులోంచి ఒక్క వరుసే కనపడుతుంది. పరీక్షల్లో వాడు నోటితో చెబితే ఆమె రాసుకుని మార్కులు వేసేవారు. సాయంత్రం బడి వదిలాక ముప్పావుగంట ఉంచుకునేవారు. దానికి పైసా తీసుకోలేదు. జిల్లా ఆసుపత్రిలో చూపించమని కూడా ఆమే పంపారు. ఇలాంటి ఇబ్బందిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తిస్తుందని అక్కడే తెలిసింది. మూడో తరగతిలో ఉండగా ఒకరోజు మా వాడు బస్సు మీద రాసి ఉన్న ‘దుగ్గిరాల’ను గట్టిగా చదివాడు. ఒత్తుతో సహా. నేను ఆ రోజు మిషను ఎక్కలేదు, పని సాగలేదు.

బడి ఎందుకు మూతపడిందంటే ఒక్క కారణం కాదు. కరోనా ఏడాది ఫీజులు రాలేదు. చేరిన కొత్తలో మేమూ ఇవ్వలేకపోయిన వాళ్లమే, తర్వాత విడతలుగా కట్టాం. అక్కడ పనిచేసిన ఇద్దరు టీచరమ్మలు ఆ సమయంలో పసుపు కొమ్ముల పనికి వెళ్లారు. బళ్లు తెరిచేసరికి ఊళ్లోకి పెద్ద బడుల పసుపు బస్సులు రావడం మొదలైంది. నూట నలభై మంది పిల్లలు అరవైకి వచ్చారు. ఇంటివారు అద్దె పెంచారు. గుర్తింపు పొడిగించుకోవాలంటే భవనానికి, అగ్నిమాపకానికి పత్రాలు కావాలి. నిబంధనలు వద్దని నేను అనను. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక ప్రైవేటు బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఫొటోలు చూసిన ఏ తల్లీ ఆ మాట అనలేదు. ఆ పెంకుటింటిని నిబంధనలకు తగ్గట్టు మార్చే స్తోమత ఆ దంపతులకు లేకపోయింది, అంతే. ఆఖరి రోజున ప్రతి బిడ్డకూ టీసీ చేతికిచ్చి, కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు.

నా బాధ అక్కడ మొదలైంది. జూన్‌లో మా వాడిని ప్రభుత్వ బడిలో ఐదో తరగతిలో చేర్చాను. అక్కడి టీచరు గారు మంచివారు, ఒక్క ప్రశ్న వేయకుండా కూర్చోబెట్టుకున్నారు. కానీ కంప్యూటర్‌లో వాడి పేరు ఎక్కలేదు. పిల్లల వివరాలన్నీ ఇప్పుడు ప్రభుత్వం వారి కంప్యూటర్ జాబితా అయిన యూడైస్‌లో ఉంటాయట. పాత బడి వాళ్లు పేరును వదిలితేనే కొత్త బడి వాళ్లు తీసుకోగలరట. పాత బడి లేదు. దాని పాస్‌వర్డ్ పెద్దసారు పాత ఫోను నంబరుతో ముడిపడి ఉంది, ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. పేరు అక్కడే ఉండిపోయింది. టీసీ ఆలస్యమైనా బడిలో చేర్చుకోవాలని చట్టం చెబుతోంది, మా వాడిని చేర్చుకున్నారు కూడా. కంప్యూటర్‌లో పేరు ఆలస్యమైతే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది యూనిఫారం గుడ్డ వచ్చినప్పుడు వాడి తరగతి పిల్లల్లో పదకొండు మందికి నేనే కుట్టాను. మా వాడికి గుడ్డ రాలేదు, లెక్కలో లేడు కాబట్టి. టీచరు గారు మిగిలిన ముక్కల్లోంచి ఒక జత ఇప్పించారు. 2025 జూన్‌లో పిల్లల్ని చదివించే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు పడింది. అమ్మాయి పేరు మీద పదమూడు వేలు వచ్చాయి. గ్రామ సచివాలయంలో అతికించిన అర్హుల జాబితాలో అబ్బాయి పేరు లేదు. అర్జీ ఇచ్చాను. ఈ టేబుల్ దగ్గర ఆ టేబుల్‌కు వెళ్లమన్నారు, అక్కడ పాత బడి వారినే అడగమన్నారు. మూడుసార్లు కుట్టుపని మానుకుని తిరిగాను. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ పని చేయలేదు.

అయ్యా, నేను అడిగేది ఒక్కటే. ఒక బడి మూతపడుతోందని విద్యాశాఖకు తెలిసిన రోజునే అందులోని పిల్లల పేర్లన్నిటినీ శాఖే తన చేతిలోకి తీసుకోవాలి. వేసవి సెలవులు పూర్తయ్యేలోగా, ఏ బిడ్డ ఎక్కడ చేరితే అక్కడికి ఆ పేరు పంపాలి. అరవై మంది పిల్లలు ఒక గుమాస్తాకు రెండు రోజుల పని. అదే పని అరవై మంది తల్లులు విడివిడిగా చేయబోతే ఏడాది పట్టినా కావడం లేదు. మా వాడిలాంటి పిల్లల విషయంలో పేరొక్కటే పంపితే సరిపోదు. వాడికి ప్రశ్నలు చదివి వినిపించాలి, జవాబులు నోటితో చెప్పనివ్వాలి అన్న సంగతి కూడా కొత్త బడికి చేరాలి.

పెద్దమేడం ఆఖరి రోజున టీసీతో పాటు ఒక పొడుగాటి నోటుపుస్తకం నాకు ఇచ్చారు. మా వాడు ఏ అక్షరం ఏ నెలలో పట్టుకున్నాడో, ఏ గుణింతం దగ్గర తడబడతాడో మూడేళ్లది అందులో రాసి ఉంది. అది నా మిషను సొరుగులో ఉంది. సంబంధించిన అధికారులు ఎప్పుడు పిలిచినా తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి,
గుంటూరు జిల్లా