ఊపిరి ఆగే రాత్రులు: తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మాది నెల్లూరు దగ్గరి పల్లె. ఇరవై రెండేళ్లుగా చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాం. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. చదివి చెప్పేవాళ్లు మీ ఆఫీసులో ఉంటారని నమ్మకం.

మా ఆయన మాధవరం నుంచి విజయవాడకు లారీ తోలుతారు. ఆయన గురక వీధిలోకి వినబడేది. అలసటతో ఒళ్లెరగక నిద్రపోతున్నారనుకునేదాన్ని. ఉన్నట్టుండి గురక ఆగిపోయేది. నేను చీకట్లో లెక్కపెట్టేదాన్ని. ఇరవై, ఇరవై అయిదు... అప్పుడు ఉలిక్కిపడి గాలి పీల్చేవారు. కిందటేడు గూడూరు దాటాక స్టీరింగ్ మీదే కునుకు పట్టి లారీ డివైడర్ ఎక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ.

రాత్రి నిద్రలో ఊపిరి ఎలా ఉందో కొలిచే స్లీప్ స్టడీ పరీక్షలో గంటకు 42 సార్లు ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరుగుతోందని తేలింది. ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారట. 30 దాటితే తీవ్రమేనట. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. మెదడు ప్రతిసారీ తట్టిలేపుతుంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. పగలంతా మగత. మాత్రలు వేసినా బీపీ దిగకపోవడానికీ ఇదో కారణమన్నారు డాక్టరు.

సీప్యాప్ మిషన్ రాశారు. అది ఆక్సిజన్ కాదు. గదిలోని గాలినే ఒత్తిడితో మాస్క్ గుండా పంపి గొంతు మూసుకోకుండా ఆపుతుంది. ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివన్ 1981లోనే లోకానికి తెలియజేసిన పద్ధతి. అద్దెకు తెచ్చిన మొదటి రాత్రి ఇంట్లో చప్పుడే లేదు. భయమేసి రెండుసార్లు ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను.

కొనాలంటే 50 వేలకు దగ్గరగా చెప్పారు. బీమా కార్డు చూపిస్తే, ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుందన్నారు. రేపు పక్షవాతం వచ్చి మంచాన పడితే పనికొచ్చే కార్డు, పడకుండా కాపాడే మిషన్‌కు పనికిరాకపోవడం నాకు అన్యాయంగా తోస్తోంది.

ప్రభుత్వ ఆసుపత్రుల నుంచే ఈ మిషన్లను వాడుకకు ఇప్పించండి. ఎన్ని గంటలు వాడారో మిషన్‌లోనే నమోదవుతుంది కాబట్టి, వాడనివాళ్ల దగ్గర తిరిగి తీసుకుని, కొత్త మాస్క్ పెట్టి ఇంకొకరికి ఇవ్వొచ్చు. మొదటి వారాల్లో మాస్క్ పక్కనుంచి గాలి పోతుంది, ముక్కు ఎండిపోతుంది, విసిగి చాలామంది అటక మీద పడేస్తారు. సరిచేసి చెప్పే మనిషి కావాలి. 2021లో మొదలైన, ఇంటి దగ్గరికే వైద్యం తెచ్చే మీ ప్రభుత్వ పథకం మక్కళై తేడి మరుత్తువం కింద మా అత్తగారికి మాత్రలు ఇంటికే వస్తున్నాయి. అలా వచ్చేవాళ్లకే ఇదీ నేర్పించవచ్చు.

ఇంకొక్క మాట. డ్రైవర్లకు పరీక్షలు పెట్టండి, కానీ లైసెన్సు లాక్కుంటామని బెదిరించకండి. కూటికి భయపడి గురక సంగతే దాచేస్తారు. మా ఆయనా రెండేళ్లు దాచారు. ముందు మిషన్ చేతికిచ్చి, తర్వాత అడగండి.

మా అద్దె మిషన్ ఈ నెల 30న తిరిగి ఇచ్చేయాలి. జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక లారీ డ్రైవరు భార్య