మీ బోర్డులోని వోల్టేజ్ రెగ్యులేటర్ డ్రైవర్ లోపంపై ఫిర్యాదు

ఆటోనగర్,
విశాఖపట్నం.

సాంకేతిక సహాయ విభాగం వారికి,

అయ్యా,

మీ దగ్గర కొన్న ప్రాసెసర్ బోర్డులతో మేం ఇక్కడి ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ కంట్రోలర్లు చేసి ఇస్తున్నాం. మూడు నెలలుగా అవి ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నాయి. మీకు నాలుగు మెయిళ్లు పెట్టాను. అడాప్టర్ మార్చమన్నారు, మార్చాం. ఎర్తింగ్ చూసుకోమన్నారు, కొత్తగా ఎర్త్ పిట్ తవ్వించాం. అయినా ఆగుతూనే ఉన్నాయి.

పోయిన నెల రాత్రి రెండింటికి రొయ్యల గోదాం నుంచి ఫోన్ వచ్చింది. డిస్‌ప్లే మీద మైనస్ 18 అలాగే నిలిచిపోయింది, కంప్రెసర్ రిలే ఆఫ్‌లో ఉండిపోయింది, లోపల మైనస్ 9కి వచ్చేసింది. వాచ్‌మన్‌కి కంప్రెసర్ చప్పుడు వినపడక అనుమానం వచ్చింది కాబట్టి సరుకు దక్కింది.

ఆ మర్నాడే వోల్టేజ్ మార్పును గీతగా చూపే స్కోప్ పెట్టుకుని కూర్చున్నాను. ప్రాసెసర్ స్పీడు పెరగాలంటే ముందు వోల్టేజ్ పెరిగి నిలబడాలి, ఆ తర్వాతే ఫ్రీక్వెన్సీ పెరగాలి. మీ బోర్డులో 0.9 నుంచి 1.2 వోల్టులకు ఎక్కాలి, అంటే 300 మిల్లీవోల్టులు. బోర్డు వివరాలను కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి) చెప్పే డివైస్ ట్రీ ఫైల్లో ర్యాంప్ డిలే (వోల్టేజ్ ఎక్కే వేగం) 12500 అని రాశారు, అంటే మైక్రోసెకనుకు 12.5 మిల్లీవోల్టులు. ఆ లెక్కన కెర్నల్ 24 మైక్రోసెకన్లు ఆగి ఫ్రీక్వెన్సీ పెంచేస్తోంది. స్కోప్ మీద గీత ఆ క్షణానికి ఇంకా 1.05 దగ్గరే ఉంది. పైకి చేరడానికి 48 మైక్రోసెకన్లు పట్టింది. ఈ మధ్యలో సరిపడా వోల్టేజ్ లేకే ప్రాసెసర్ బిగుసుకుపోతోంది.

కారణం మీ కోడ్‌లోనే ఉంది. ప్రాసెసర్‌కు వోల్టేజ్ ఇచ్చే రెగ్యులేటర్ చిప్ డేటాషీట్ ప్రకారం రీసెట్ తర్వాత దాని ర్యాంప్ రేటు మైక్రోసెకనుకు 6.25 మిల్లీవోల్టులు. దాన్ని 12.5 చేయాలంటే చిప్‌లో సెట్టింగులు ఉండే రిజిస్టర్‌లో రాయాలి. ఆ పని చేసే సెట్ ర్యాంప్ డిలే ఫంక్షన్ ఆ చిప్‌ను నడిపే మీ డ్రైవర్ ప్రోగ్రామ్‌లో లేనే లేదు. మీరు రాసిన అంకె కెర్నల్ లెక్కకు వెళ్తోంది గానీ చిప్‌కు చేరడం లేదు. స్పీడు తగ్గేటప్పుడు ముందు ఫ్రీక్వెన్సీయే తగ్గుతుంది కాబట్టి ఏ ఇబ్బందీ రాదు. ఒకే స్పీడులో పెట్టి పరీక్షిస్తే మీ ల్యాబ్‌లో ఇది ఎప్పటికీ కనపడదు.

మీ ఇంజనీరు ఫోన్‌లో ఒక మిల్లీసెకను డిలే పెట్టేయమన్నారు. అది మందు కాదండీ. రోజుకు వేలసార్లు స్పీడు మారే చోట ప్రతిసారీ అంతసేపు ఊరికే ఆగడం ఎందుకు? రేపు ఇంకో చిప్ వేస్తే ఆ లెక్కా తప్పుతుంది. మేం డివైస్ ట్రీలోని 12500ను 6250 చేసి 12 బోర్డులు పది రోజులుగా నడుపుతున్నాం. ఒక్కటీ ఆగలేదు.

డ్రైవర్‌లో ఆ ఫంక్షన్ చేర్చి, సరిచేసిన కెర్నల్ పదిహేను రోజుల్లో పంపండి. ఈ బోర్డు కొన్న అందరికీ ఈ లోపం గురించి రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లలో ఎవరి గోదాంలో ఏం నిల్వ ఉందో మనకు తెలియదు. అది కుదరదంటే మా దగ్గర మిగిలిన 40 బోర్డులు వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. స్కోప్ ఫొటోలు, కెర్నల్ లాగ్‌లు, బిల్లుల కాపీలు జత చేశాను.

ఇట్లు,
కంట్రోలర్ యూనిట్ యజమాని